ఆరువందల మీటర్ల ఎర్రజెండా

“కాజా... కాజా...” అంటోంది నీలవేణి, కళ్లు మూసుకునే.

ఆమె తమ్ముడు రాంప్రసాద్ బండిలో ఉన్న డబ్బాలన్నీ తిరగేశాడు. “బావా, అక్క కాజా అడుగుతంది. జంతికలున్నాయి గానీ కాజాలు బిలాస్‌పూర్ దాటకముందే నువ్వు తినీసావు.”

“ఒరే తిండిబోతా! తినీ కాజా కాదురా. కాజా ఊరు. ఆస్పత్రున్న ఊరు. అక్కడికి ఎప్పుడు తీసికెల్తారని అడుగుతంది!” అని అరిచాడు గిరిబాబు. అరిచిన పాపానికి ఆయనకీ ఆయాసం వచ్చింది.

పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. కుంజుమ్ కనుమ దాటి నాలుగు మలుపులు దిగారో లేదో, క్లచ్ కాలిపోయి బండి కొండకి చేరబడింది. చుట్టూ మంచుకొండలు, కింద వెండితీగలాంటి ఏరు. చూడ్డానికి రెండువేల కిలోమీటర్ల దూరం వచ్చినవాళ్లకి ఇప్పుడు అటు చూసే ఓపికే లేదు. నీలవేణి పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఎత్తులో ఊపిరి అందకపోతే చీకటి పడేలోగా కిందికి దింపెయ్యాలి, ఆలస్యమైతే మనిషి దక్కదని మనాలీలో డాక్టరు ముందే చెప్పాడు.

గిరిబాబు గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు. రాంప్రసాద్ లోకో పైలట్‌గా చేసి నిరుడే రిటైరయ్యాడు. బతుకంతా పట్టాల మీదే తిరిగాం, పట్టాల్లేని చోటికి పోదామని ఇద్దరూ పాత మినీ బస్సు కొన్నారు. బిలాస్‌పూర్ పక్కన సీపత్‌లో వెల్డింగ్ చేయించి లోయర్ బెర్తు, అప్పర్ బెర్తు, గ్యాసు పొయ్యి బిగించారు. హిమాలయాల్లోని స్పితి చూద్దామని బయల్దేరి ఈ స్థితికి వచ్చారు.

“పేరులోనే గిరి ఉందని మురిసిపోనావు. చాలేటి బావా గిరులు?”

“నా పేరు తరవాత, ముందు నీ క్లచ్ సంగతి చూడు.”

ముప్ఫయ్యారేళ్లు సిగ్నళ్ల మధ్య బతికిన మనిషికి ఫోన్లో ఒక్క సిగ్నల్ దొరకలేదు. వెనక కనుమ వైపు నుంచి పొద్దుటినుంచీ ఒక్క బండి రాలేదు. వస్తే ముందు నుంచే, కాజా వైపు నుంచే రావాలి. గిరిబాబు పెట్టె తెరిచి అడుగునున్న ఎర్రజెండా తీశాడు.

“ఇదెందుకు తెచ్చీసావు?”

“గతౌరా స్టేషన్ దగ్గర గాలివానకి చెట్టు పట్టాల మీద పడిన్నాడు ఈ జెండాతోనే ఎక్స్‌ప్రెస్ ఆపేను. ఎర్రజెండా చూసి ఆగని డ్రైవరు ఇంకా పుట్టలేదురా.”

“అయితే ఇక్కడే నిలబడి ఊపు.”

“రూలు రూలే. ఆగిన బండికి ఆరువందల మీటర్ల ముందు జెండా ఉండాల. ఆ మలుపు అవతలకి ఎల్తాను. అక్కని చూసుకో.”

నీలవేణి కళ్లు విప్పింది. “తొరగా రండి. ఆగలేనేమో.”

“గార్డుని నేను. నేను పచ్చజెండా చూపకుండా నువ్వెక్కడికీ కదలడానికి లేదు.”

అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. రోడ్డు వెడల్పు చెయ్యడానికి పగలగొట్టిన బండలు దారి పొడుగునా గుట్టలుగా పడి ఉన్నాయి. మలుపు తిరిగేసరికి వెనక బండి కనుమరుగైంది. ఆరువందలు పూర్తయ్యాక కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

మొదట తెల్ల జీపు వచ్చింది. దూరంగానే ఆగింది. గిరిబాబు ప్రాణం లేచి వచ్చింది. డ్రైవరు తల బయటపెట్టి జెండా చూశాడు, నుదుటికి చెయ్యి తాకించి సలాం చేశాడు, బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు.

“అరే భాయ్! రుకో!”

గాలి ఆ కేకని లోయలో పారేసింది. పరిగెత్తబోయి పది అడుగులకే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

తరవాత ట్యాంకరు. అదీ ఆగింది. ఈయన ఎంత గట్టిగా ఊపితే అది అంత వేగంగా వెనక్కి పోయింది.

మూడోది టూరిస్టు కారు. దాని డ్రైవరు దిగి, రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, ‘అంతేనా?’ అన్నట్టు తల ఎగరేశాడు. గిరిబాబు చేతులు జోడించాడు. వాడు నవ్వి, కారు తిప్పేశాడు.

“నా గోడు వినపడదని వెక్కిరిస్తన్నావేట్రా!” ఏడుపొచ్చింది గిరిబాబుకి. కారులో తిరిగేవాళ్లెవరూ మనుషులు కారు అనుకున్నాడు. ఎండ ఎదురుకొండ మీదికి ఎక్కిపోయింది. జెండా ఊపీ ఊపీ ఆయనకే ఊపిరి ఆడటం లేదు. అక్కడ ఆమెకి ఇంకెంత మిగిలిందో.

వెనక నుంచి హారన్ మోగింది.

“బావా, ఎక్కీ! అక్క ఇందులోనే ఉంది!”

కూరగాయల లారీ. కనుమ దాటి వస్తూ, రోడ్డు పక్కన కూలబడ్డ బండిని చూసి ఎవరూ అడక్కుండానే ఆగిందట. సీటు మీద నీలవేణి, ముక్కు దగ్గర లారీ డ్రైవరు ఇచ్చిన చిన్న ఆక్సిజన్ డబ్బా. ఆమె ఒక కన్ను తెరిచింది. “పచ్చజెండా... ఏదండీ?”

గిరిబాబు ఉత్త చెయ్యే ఎత్తి ఊపాడు. “రైట్, రైట్. కదులు.”

ఇంకో ఆక్సిజన్ డబ్బా కోసం లోసర్ ఊళ్లో ధాబా దగ్గర లారీ ఆగింది. అప్పటికి నీలవేణి పెదాలకి కాస్త రంగు తిరిగింది. గిరిబాబు కిటికీలోంచి చూశాడు. తెల్ల జీపు, ట్యాంకరు, టూరిస్టు కారు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు ముగ్గురూ తాపీగా టీ తాగుతున్నారు.

ఒళ్లు మండిపోయింది. మడిచిన జెండా చంకలో పెట్టుకుని దిగాడు.

“బావా, గొడవెట్టుకోకు!”

“నువ్వుండ్రా. ఈళ్లకి ఇళ్లలో ఆడోళ్లు లేరేటో అడిగే వస్తాను.”

ఆయన నోరు తెరిచేలోపే ముగ్గురూ గౌరవంగా లేచి నిలబడ్డారు. చెవుల్లో వేళ్లు పెట్టుకున్నవాడు గ్లాసు కింద పెట్టి, అందరికీ వినపడేలా అడిగాడు.

“ఎర్రజెండా మడిచేశారు, కొండ పేల్చడం అయిపోయిందా సాబ్?”