చేదు మందు

"తగ్గే రోగానికి చేదు కషాయం పోస్తాను. ఇక తగ్గదనుకుంటే తేనె ఒక్కటే ఇస్తాను. పోయేముందు నోరు చేదెందుకమ్మా?"

ఈ ముసలి దంపతుల మీద నేను తీస్తున్న ఫిల్ము కోసం అలా చెప్పి, నాటువైద్యుడు భార్య నాడి పట్టుకున్నాడు.

ఎంతసేపటికీ వదల్లేదు.

"నన్ను చూసి చూసి విసుగొచ్చి కునుకు తీస్తున్నారా?" అంది ఆవిడ. మాట నవ్వుతోంది గానీ, కళ్ళు మందుల అరను వదలడం లేదు.

ఆయన చెయ్యి సీసాల ముందు ఆగిపోయింది. చివరికి కషాయం అందుకున్నాడు.

ఆవిడ గటగటా తాగేసింది. "ఛీ, పాడు చేదు! హమ్మయ్య!" అనుకుంటూ వంటింట్లోకి నడిచింది.

పెద్దాయన నా కెమెరాకి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ ముక్క తీసెయ్యమ్మా. దానికి తేనె ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు."