లాగిన్ మడతపేచీ

“లాగిన్! మళ్లీ లాగిన్!” అని కంప్యూటర్ ముందు కూర్చున్న సర్వజ్ఞుడు ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

అరిచింది పక్కగదిలో ఉన్న భార్య కోసం. అందుకున్నది మాత్రం గోడ పక్కన కుర్చీలో కూర్చున్న తల్లి. ఆవిడ చెవులు కాస్త మందం, చేతులు మాత్రం మహా చురుకు. “లాగెయ్” అన్నాడనుకుని, కాళ్ల దగ్గరున్న ప్లగ్గు పట్టుకుని ఒక్క లాగు లాగింది. తెర నల్లబడింది.

“అమ్మా! ఏం చేశావే?”

“లాగమన్నావు, లాగాను. తొయ్యమంటే తోస్తాను. దానికి అరుపెందుకురా?”

సర్వజ్ఞుడనేది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. ఆయనకు తెలియనిదల్లా ఒక్కటే, అది వెక్కిరింపని. పదకొండింటికి భార్యకు వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ ఉంది. నర్సరీ బడిలో టీచరు ఉద్యోగం. ఆవిడ తయారు చేసుకున్న బొమ్మల పాఠమంతా కంప్యూటర్లోనే ఉంది, చూపించాల్సిందీ అందులోంచే. ఇవాళ కాల్ కలవకపోతే ఉద్యోగం వరసలో ఉన్న తర్వాతి మనిషికి వెళ్లిపోతుంది. అందుకే ఈయన సెలవు పెట్టి, మడత నలగని చొక్కా తొడుక్కుని, సహాయానికి దిగాడు. ఆ సహాయాన్ని తప్పించుకునే దారి ఆవిడకు దొరకలేదు.

కొన్నాళ్లుగా ఆ కాల్ యాప్ పొద్దున పూట ఇంటివాళ్లను పరాయివాళ్లను చూసినట్టు చూస్తోంది. పేరు చెప్పమంటుంది. చెబితే పాస్‌వర్డ్ అంటుంది. అదీ చెబితే, ఇంతకీ తమరెవరంటూ మళ్లీ మొదటికొస్తుంది. మెసేజ్‌ల యాప్‌దీ అదే వరస. మధ్యాహ్నానికి రెండూ వాటంతటవే దారికొస్తాయి. కానీ ఇంటర్వ్యూ మధ్యాహ్నం కాదే!

సర్వజ్ఞుడు ప్లగ్గు మళ్లీ పెట్టి, కంప్యూటర్ తెరిచి, పాస్‌వర్డ్ మార్చాడు. పాస్ కాలేదు. “ఇది పాస్‌వర్డ్ కాదు, ఫెయిల్‌వర్డ్!”

“సరేనండీ, కొంచెం మంచినీళ్లు తాగండి,” అంది పక్కగదిలోంచి వచ్చిన భార్య.

“కుకీలు తీసేస్తే సరి!”

“డబ్బాలో ఉన్నవే నాలుగు, అవి నావి. ముట్టుకున్నావంటే ఊరుకోను,” అంది తల్లి.

యాప్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. కొత్త యాప్ మహా మర్యాదగా ఆ పాత ప్రశ్నే అడిగింది. ఆయన మౌసు ఎత్తి విసరబోయాడు. “ఎవడో హ్యాకరు దూరాడు మనింట్లో!”

భార్య ఆయన చేతిలోంచి మౌసు మెల్లగా తీసుకుంది. “పాపం, మౌసు ఏం చేసిందండీ? ఒక్కసారి మా తమ్ముణ్ణి అడుగుదాం.”

“నాకు తెలీనిది వాడికేం తెలుసు?”

“మీకు తెలుసు లెండి. వాడికి తెలుసో లేదో చూద్దామని.”

ఆ ముక్క ఆయనకు నచ్చింది. కంప్యూటర్లు బాగుచేసే బావమరిదికి ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టాడు.

“బావా, తెర మీద కింద మూల తేదీ ఎంతుందో చూడు.”

“ఇవాళ తేదీ కూడా నన్నే అడుగుతావుట్రా?” అంటూ చూశాడు. అక్కడ పదిహేనేళ్ల కిందటి జనవరి ఒకటి.

“అయ్యో, దాని లెక్కలో మనకింకా పెళ్లే కాలేదు,” అంది భార్య. “ఇక నన్నెలా గుర్తుపడుతుంది?”

తమ్ముడు నవ్వి అసలు సంగతి చెప్పాడు. లోపల గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ చచ్చిపోయింది. ప్లగ్గు గోడకున్నంతసేపూ బాధ లేదు. పీకితే మాత్రం గడియారం తన పుట్టిన తేదీకి వెళ్లిపోతుంది. అంత వెనకబడ్డ మిషన్‌ని ఏ యాపూ నమ్మదు. నెట్‌ని చూసి అది తేదీ దిద్దుకునేసరికి మధ్యాహ్నమవుతోంది.

“నువ్వే చేత్తో మార్చెయ్ అక్కా, చాలు. రోజూ ప్లగ్గు పీకేదెవరో మాత్రం పట్టుకోండి,” అని ఫోన్ పెట్టేశాడు.

ఆవిడ తేదీ మార్చడం మొదలుపెట్టింది. సర్వజ్ఞుడికి ఆ చిల్లర పని మీద ధ్యాస లేదు. దొంగ దొరికాడన్న ఉత్సాహంలో కుర్చీ తిప్పి, తెరకు వీపు పెట్టి, తల్లి మీద విచారణ చేపట్టాడు.

“ఇంకెవరు, నువ్వే! ఇందాక కళ్లారా చూశాను.”

“ఏవండీ...” అంటూ భార్య తెర వైపు కళ్లతో సైగ చేసింది.

“నువ్వుండు! చెప్పమ్మా, రోజూ ఎందుకు లాగుతున్నావు?”

“రోజూనా? ఇవాళ నువ్వు లాగెయ్ అంటేనే లాగాను.”

“లాగెయ్ కాదే, లాగిన్!”

“ఆ ముక్క నిదానంగా చెప్పి ఏడవచ్చుగా! రోజూ లాగేది నేను కాదురా. పొద్దున్నే లేచి, ఆ ప్లగ్గు పీకి అందులో ఇస్త్రీపెట్టె తగిలించేదెవరు? ఓసారి నీ చొక్కా చూసుకో!”

సర్వజ్ఞుడు చొక్కా చూసుకున్నాడు. మడతపేచీ అంతా ఆ మడతల్లోనే ఉంది. మూతి ముడుచుకుని, “అందరూ నన్నే అంటారు. నేనెవరితోనూ మాట్లాడను,” అన్నాడు.

“ఎవరూ ఏమీ అనలేదు,” అంది భార్య మెత్తగా. “రేపట్నుంచి ఇస్త్రీ వంటింట్లో చేసుకుందురుగాని. ఇప్పుడు మాత్రం అక్కడే చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చోవాలి. నేను చెప్పేదాకా మాట్లాడకూడదు. సరేనా?”

“సరే,” అని చేతులు కట్టుకున్నాడు.

వెనకనుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. సర్వజ్ఞుడు బిత్తరపోయి తిరిగి చూశాడు. కాల్ ఎప్పుడు కలిసిందో ఏమో, తెరలో ముగ్గురు మనుషులు నవ్వాపుకోలేక నోళ్లకు చేతులడ్డం పెట్టుకున్నారు.

“నమస్కారమండీ,” అంది మధ్యలో కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్. “మొండికేసే పిల్లల్ని ఎలా దారికి తెస్తారన్నది మా మొదటి ప్రశ్న. జవాబు చూసేశాం కాబట్టి, ఇక ఆ బాబుని ఆడుకోవడానికి పంపించెయ్యండి!”