పదహారడుగుల తాడు

పద్మావతమ్మ గారి కాళ్లకు తాడు రెండు చుట్లు చుట్టుకుంది.

ఆవిడ కూలబడింది. చేతిలోని పాల ప్యాకెట్ పగిలింది.

భవానీపురం పార్కులో వాకింగ్ చేసేవాళ్లంతా పోగయ్యారు.

"కుక్కను పెంచుకోండి, కాదనం. దారంతా తాడు పరిస్తే మేమెలా నడవాలి?" అందావిడ.

"మీరు ఫోన్ చూసుకుంటూ నడిస్తే నేనేం చెయ్యనండీ?" అంది రామతులసి.

రామతులసి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. తగ్గడమన్నది ఆమె సిలబస్‌లో లేదు. ఇంట్లో ఆమెకున్న తోడల్లా పింటూ ఒక్కటే. దాన్నెవరైనా ఒక్క మాటన్నారో, అయిపోయారే!

ఇక ఆ తాడంటారా, అదో వింత. గుప్పిట్లో పట్టే ప్లాస్టిక్ డబ్బా, లోపల స్ప్రింగు, దానికి చుట్టిన సన్నటి తాడు. కుక్క పరిగెడితే పదహారడుగులు సాగుతుంది. వెనక్కొస్తే దానంతటదే చుట్టుకుపోతుంది. బటన్ నొక్కితే ఆగుతుంది, నొక్కే తీరిక దొరికితే.

"తప్పు కుక్కది కాదమ్మా. ఆ తాడుది."

అందరూ తిరిగి చూశారు. బెంచీ మీద ఓ పెద్దాయన. కుడిచేతికి ఎర్ర తువ్వాలు చుట్టుకున్నాడు. పింటూ అప్పుడే ఆయన ఒళ్లో తల పెట్టేసి తోకాడిస్తోంది.

"మిమ్మల్నెవరైనా అడిగారా?" అంది రామతులసి.

"అడక్కపోయినా చెబుతా. ఆరడుగుల మామూలు తాడు కట్టండి."

"ఆరడుగుల్లో అదేం తిరుగుతుంది? గడ్డి వాసన చూడాలి, చెట్టు దగ్గర ఆగాలి. దానికీ కాస్త స్వేచ్ఛ ఉండొద్దా?"

"ఉండాలమ్మా. ఖాళీ మైదానంలో ఇవ్వండి, ఎవరు కాదంటారు? ఇది లారీలు తిరిగే రోడ్డు పక్క. డబ్బా చేజారిందా, టకటకమంటా దాని వెంటే పడుద్ది. ఏదో తరుముతోందని అది ఇంకా పరిగెడుద్ది. ఆ కంగార్లో మీరు తాడు పట్టుకున్నారా..."

ఆయన ఆగిపోయి, తువ్వాలు సర్దుకున్నాడు.

"పాఠాలు చెప్పడం నా ఉద్యోగమండీ. మీరు శ్రమపడకండి," అని పింటూని లాక్కుపోయింది.

మర్నాడూ అదే బెంచీ, అదే మాట. మూడోనాడూ అంతే.

"రోజూ ఇదే గొడవా?"

"మీరు మార్చేదాకా ఇదే."

మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

వారం తిరక్కుండా డబ్బా బటన్ వదులైంది. మామూలు తాడు కొంటే ఆ ముసలాయన గెలిచినట్టే కదా! రామతులసి నేరుగా ఆటోనగర్ వెళ్లింది. బెజవాడలో ఏం పాడైనా జనం వెళ్లేది అక్కడికే.

కార్ల సీటు బెల్టులు బాగుచేసే మెకానిక్ స్ప్రింగు మార్చాడు.

"సీటు బెల్టు స్ప్రింగే వేశా మేడమ్. దున్నపోతునైనా లాగుద్ది."

ఆ డబ్బాని ఆమె మర్నాడు పనిగట్టుకుని పెద్దాయనకు చూపించింది.

ఆయన బటన్ నొక్కి తాడు గుంజాడు. తాడు జారింది.

"స్ప్రింగు లాగుద్దమ్మా. ఆపాల్సింది లోపలి పళ్లు. అవి అరిగిపోయాయి." సంచీలోంచి తెల్లటి నూలుతాడు తీశాడు. "నేనే అల్లాను. ఎడంచేత్తో కదా, కాస్త వంకరొచ్చింది. ఇది కట్టండి."

రామతులసికి ఒళ్లు మండిపోయింది. ముక్కూమొహం తెలియని మనిషి పరాయివాళ్ల కుక్కకి తాడు అల్లడమేంటి?

"బిస్కెట్లేసి మచ్చిక చేసుకున్నారు. ఇప్పుడు తాడూ తెచ్చారు. కుక్కల్ని ఎత్తుకెళ్లే రకమా మీరు?"

ఆయన ముఖం పాలిపోయింది. 

ఆమె ఊరుకోలేదు. పార్కు వాచ్‌మన్ యేసుకుమార్‌ని పిలిచి చెప్పింది. అతను పెద్దాయన్ని గేటు దాటించాడు.

వెళ్తూ వెళ్తూ ఆ తాడుని గేటు ఊచకి తగిలించాడాయన.

"నన్ను రానివ్వొద్దు, సరే. ఇది మాత్రం ఇక్కడే ఉంటది. ఎప్పటికైనా మీ మనసు మారుద్ది."

"మారదు!" అని అరిచింది రామతులసి.

అది జరిగిన నాలుగో రోజు పొద్దున్నే, గేటు దగ్గర పింటూ పిల్లిని చూసి ఉరికింది.

రామతులసి బటన్ నొక్కింది. తాడు ఆగలేదు. కొత్త స్ప్రింగు ఒక్క గుంజు గుంజింది. డబ్బా చేజారింది.

టకటకటక... డబ్బా వెంటపడింది. పింటూ బెదిరిపోయి రోడ్డు మీదికి పరుగు తీసింది. ఎదురుగా లారీ.

"పింటూ!"

డబ్బా గేటు ఊచల్లో ఇరుక్కుని, తాడు చివరిదాకా సాగి బిగుసుకుంది. లారీ చక్రానికి రెండడుగుల ఇవతల పింటూ ఆగిపోయింది.

రామతులసి పరుగున వెళ్లింది. పింటూని ఇవతలికి లాక్కుని, రోడ్డు పక్కనే కూర్చుని ఏడ్చింది. ఊచకి వేలాడుతున్న నూలుతాడు తీసి దాని మెడకి కట్టింది.

పింటూని పోయినేడు ఆమెకి పెంపకానికిచ్చింది పశువుల డాక్టర్ నతానియేలు గారు. ఆయన దగ్గరికే పరిగెత్తింది.

"మెడకేం కాలేదండీ, భయపడకండి," అని ఆయన తాడు పట్టుకుని చూశాడు. "ఇది లారీ లోడుకి వేసే ముడి. బాలశౌరి గారు అల్లిందేనా?"

"ఎర్ర తువ్వాలాయనా? మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటండీ! పింటూ మీ దగ్గరుందని తెలిసి, దాన్ని చూడ్డానికే మీ పార్కుకి వస్తున్నాడు. మొన్న వచ్చి, ఇక వెళ్లను సార్, మేడమ్ గారికి ఇబ్బందిగా ఉందన్నాడు. గది కూడా ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు. ఫోనూ లేదు."

రామతులసి సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"డాక్టర్ గారూ, అసలాయనెవరండీ?"

"లారీ డ్రైవరు. రెండేళ్ల కిందట కంకిపాడు రోడ్డు మీద పాత యజమాని చేజార్చిన ఇలాంటి డబ్బాకే బెదిరి పింటూ ఎదురొచ్చే లారీ చక్రాల కిందికి పోతుంటే, తన బండిలోంచి దూకి ఆ సన్నతాడుని ఒట్టిచేత్తో పట్టి ఆపాడండీ. పింటూ బతికింది, స్టీరింగ్ పట్టే చేతికి రెండు వేళ్లు తెగిపోయాయి."