ముప్పై ఒక్క సంచులు

తెల్లారేసరికి పెనుకొండ కొండ మీద మబ్బు దిగి కూర్చుంది. కోట గోడ కనిపించలేదు. వాన వచ్చేలా ఉంది గానీ రాలేదు.

చిన్నస్వామి ఇంటి ముందు వేపకొమ్మకు స్ప్రింగు కాటా వేలాడుతోంది. దాని కొక్కేనికి ఖాకీ బ్యాగు తగిలించి ఉంది. హిందూపురం నుంచి కారులో వచ్చిన, సావుకారు మద్దిలేటి మేనేజరు నాగేష్ ముల్లు చూసి తల అడ్డంగా ఊపాడు.

“పదిహేడు కిలోలు. పన్నెండు దాటగూడదని పోయిన వారం వచ్చినప్పుడే చెప్పినా గదన్నా. ఆఫ్రికాలో అడివిలోకి పోయేది చిన్న ఇమానం. తూకం దాటితే ఎక్కనీరు.”

“నన్ను మోసే ఇమానం ఐదు కిలోలు మోయలేదా?”

“నిన్ను గూడ తూకమేసే ఎక్కిస్తారు.”

నాగేష్ బ్యాగు దించి జిప్పు లాగాడు. మట్టిరంగు చొక్కాలు రెండు, ప్యాంట్లు రెండు. నీలం గుడ్డలకు అక్కడి ఈగలు మూగి కుడతాయని సావుకారు వద్దన్నాడు. కొత్త బూట్లు, టార్చిలైటు, మలేరియా మాత్రలు. వాటి కింద అన్నీ గుడ్డసంచులే. ఒకటి పాతచీర ముక్క, ఒకటి ప్యాంటు కాలు కోసి కుట్టింది, ఒకటి బియ్యం సంచి. ఒక్కొక్క దాంట్లో గుప్పెడు ఉప్పు, నాలుగు ఎండు మిరపకాయలు.

“ఇవేందన్నా, ఆడ సంత పెడతావా?”

“తియ్యొద్దు. మా ఊరోళ్లవి.”

ఆ ఊళ్లో వేట పడితే పంచడానికి ఒక పద్ధతి ఉంది. ఇంటికొక సంచి తెచ్చి వరుసగా పెడతారు. సంచికొక కుప్ప. ఒక్క ఇంటిని తప్పించినా ఆ తప్పించినవాణ్ణి మళ్లీ వేటకు పిలవరు, వాడింటికి భాగం పంపరు. సావుకారు మద్దిలేటి అడవిదున్నల వేటకు పోతూ, అడుగుజాడలు చూడటానికి చిన్నస్వామిని వెంట తీసుకుపోతున్నాడని తెలిసి, ముప్పై ఒక్క ఇండ్ల నుంచీ ముప్పై ఒక్క సంచులు వచ్చాయి.

గాజులమ్మే మైమూనా అటుగా వస్తూ ఆగింది.

“అన్నా, పచ్చదారం కట్టింది నేనిచ్చిన సంచి. దాన్ని వేరేగా పెట్టు. పందిని కోసిన కత్తి తగలనీయొద్దు.”

“సరేమ్మా.”

గోడకానుకొని కూర్చున్న కుళ్ళాయమ్మ కూడా అందుకుంది. “ముసిలోళ్లుండే ఇంటికి మెత్తని తునకలు చూసి వెయ్యప్పా. బాలింత ఉండే ఇంటికి రెండు భాగాలు. దేశం మారినాదని మర్చిపోతావేమో.”

“నాకు చెప్పాల్నా అవ్వా?”

నాగేష్ అతణ్ణి కారు దగ్గరికి పిలిచాడు. “అన్నా, ఆడ కొట్టిన కూర ఈడికి తేనీరు. అంతా ఆడి పల్లెలోళ్లకే. సావుకారుకైనా కొమ్ములే మిగిలేది.”

“ఎండబెట్టి, ఉప్పుకండ చేసుకొని తెచ్చినా?”

“ఏర్‌పోర్టులో పెరుక్కుంటారు.”

చిన్నస్వామి అరుగు మీద కూలబడ్డాడు. ఇంట్లోంచి భార్య తిప్పమ్మ వచ్చి విషయం విని, అటూ ఇటూ చూసింది.

“ఎవురికీ చెప్పకుండా పో. వచ్చినాక చూసుకుందాం.”

“ఒట్టి సంచులు యా మొగం పెట్టుకొని తిరిగిచ్చేది?”

“అయితే మానుకో.”

ఏనుగు అడుగు చాటంత ఉంటుందని ఎవరో చెప్పినప్పటినుంచి నెల రోజులుగా అతనికి అదే ధ్యాస. పొలంలో కట్టెపుల్లతో నేల మీద గీసి చూసుకునేవాడు. చెయ్యి పెట్టి కొలుచుకునేవాడు. ఇప్పుడు లేచి కొత్త బూట్లు బ్యాగులోంచి తీసి నాగేష్ ముందు పెట్టాడు.

“ఇవి సావుకారుకిచ్చెయ్యప్పా.”

“పిచ్చా నీకు? ఇంకొకణ్ణి యాడ వెతకాల ఇప్పుడు?”

మధ్యాహ్నానికి ఊరివాళ్లు వచ్చారు. సాగనంపడానికి తలా ఇంత వేసుకొని కోడికూర, రాగిసంగటి చేశారు. వాకిట్లో వరుసగా కూర్చున్నారు. పళ్లేల్లో సంగటి ముద్దలు పడ్డాయి. చిన్నస్వామి కూర్చోలేదు.

“ఒక మాట చెప్పాల,” అన్నాడు. “ఆడ ఎంత పెద్ద దున్న పడినా మనూరికి ఒక్క తునక గూడ రాదు. ఆడి రూలంట. నాకు ఈ పొద్దే తెలిసె. భాగం తేలేని వేటకు నేను పోను. మీ సంచులు మీరు తీసుకోండి.”

ఎవరూ తల ఎత్తలేదు. మైమూనా తిప్పమ్మ వైపు చూసి మళ్లీ పళ్లెంలోకి చూసింది. చేతులు కదులుతున్నాయి. ఇక ఈ ఊళ్లో తన పని అయిపోయిందనుకున్నాడు చిన్నస్వామి. నాగేష్ గడియారం చూసుకున్నాడు. తిప్పమ్మ చెయ్యి పట్టి లాగితే మొగుడు వచ్చి వరుస చివర కూర్చున్నాడు. అందరితో పాటు తిన్నాడు. అందరూ అలాగే, ఒక్క మాట లేకుండా, పళ్లేలు ఖాళీ చేశారు.

కుళ్ళాయమ్మ చివరి మెతుకు తుడుచుకొని నోట్లో వేసుకుంది.

“తినేటప్పుడు మాట్లాడగూడదని ఊరుకున్నా. కూర ఈడికి రాదని ఈ కారు పిల్లోడు పోయిన వారమే బోరింగు కాడ మాకు చెప్పె గదప్పా. ఆ సంచులు మాకు కాదు, ఆ పల్లెకు. ఆడ నీకు ఇండ్లు తెలీవు, సంచి లేదని ఏ ఇల్లూ తప్పిపోగూడదు.”