ఆవిడ చెప్పిన కంపు

"ముక్కు పగిలే కంపు బాబూ! ఆ తోళ్ల ఫ్యాక్టరీ పుణ్యమా అని అన్నం ముద్ద గొంతు దిగట్లేదు," అంది ఎదురింటి పిన్నిగారు.

ఫ్యాక్టరీ మీద ఫిర్యాదులు వినడానికొచ్చిన, తెలుగు రాని విచారణాధికారికి తమ్ముడు ఇంగ్లీషులో చెప్పాడు: "అప్పుడప్పుడూ కాస్త ఓడర్ వస్తోందట సార్."

వెనకే కూర్చున్న అన్నయ్య ఉలిక్కిపడ్డాడు. రిటైరైన ఇంగ్లీషు మాస్టారాయన. వీధి తరఫున తమ్ముణ్ని దుబాసీగా నిలబెట్టింది ఆయనే.

"ఓడరేంట్రా?" అన్నాడు చెవిలో. "తడిబట్టకుండే వాసన ఓడర్. మనుషుల్ని ఇంట్లోంచి తరిమే కంపు స్టెంచ్. నేను నేర్పలేదూ?"

"నేర్పావన్నయ్యా. స్టెంచ్ అంటే ఫ్యాక్టరీ మూసేస్తారు. వచ్చే నెల నుంచి నాకక్కడే ఉద్యోగం."

"మీ వదిన ఆఖరి రోజుల్లో ఒక్కసారి కిటికీ తెరవమంటే తెరవలేకపోయాం కదరా!"



అన్నయ్య లేచి, "ఆవిడ చెప్పింది స్టెంచ్ గురించి సార్," అన్నాడు ఇంగ్లీషులో.

"మరి ఈయన ఓడర్ అన్నాడే?"

అబద్ధమాడాడనే మాట అన్నయ్య నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"పొరబడ్డాడండీ. ఇకమీదట నేను చెబుతాను," అన్నాడు, తమ్ముడి ముఖం చూడకుండా.