గాలి ఏటి మావా?

టీవీలో మళ్లీ అదే చెప్పారు. చర్చలు విఫలం.

గల్ఫు దేశాల దగ్గర ఏదో ఇరుకు సముద్రమట. అటొక దేశం, ఇటొక దేశం కొట్టుకుంటుంటే మధ్యలో సరుకు ఓడలు బిక్కుబిక్కుమంటూ లంగరేసుకుని ఉన్నాయి. వాటికి కాపలాగా ఎవరి యుద్ధనౌకలు ముందు నడవాలి, ఎవరివి వెనక రావాలి అన్న దగ్గరే దేశాల పెద్దలకు మాట కుదరడం లేదు. కోట్లు వేసుకుని కూర్చుంటారు, చేతులు కలుపుతారు, ఫొటో దిగుతారు, లేచిపోతారు.

“మన పేటలో వల తగువొస్తే పొద్దుగూకేలోగా తేల్సీమేటి? ఈల్లకి రెండు నెల్లు సాల్లేదు,” అంది మరిడమ్మ. టీవీ ఆమె ఇంట్లోదే.

పక్కింటి దాలమ్మ గోడకి ఆనుకుని టీవీనే చూస్తోంది.

సముద్రంలో చేపల వేట సరిగ్గా పడక, సరుకు ఓడలో పని దొరికిందని చెప్పి ఆమె మొగుడు లక్ష్ముడు పేట దాటి మూడు నెలలైంది. పేటంతా కలిసి డప్పులతో సాగనంపారు. ఓడ ఆ ఇరుకులోనే చిక్కుకుందని అతను ఫోను చేసి చెప్పాడు. ఆనాటి నుంచీ దాలమ్మ టీవీ ముందు, దేవుడి ముందు ఒకటే మొక్కు. వాళ్లు రాజీ పడాలి. ఈయన ఇంటికి రావాలి.

పిల్లాజెల్లా లేరు. ఒక్కదానికి పొయ్యి వెలిగించబుద్ధి కాక చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఇంత చిన్న ఇంట్లో ఇంత ఖాళీ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకు అర్థమయ్యేది కాదు.

రోజు మార్చి రోజు సాయంత్రం ఫోను మోగేది.

“గాలి ఏటి మావా?”

ముందు అదే అడిగేది. పేటలో ఎవరు ఎవరికి ఫోను చేసినా మొదట అడిగేది గాలి గురించే. ఆ ఒక్క విషయంలో మాత్రం ఎవరూ అబద్ధమాడరు. తాగుబోతు కూడా ఆడడు. తప్పు గాలి చెబితే, అది నమ్మి పడవ తోసినవాడు తిరిగి రాడు మరి.

“పడమటి గాలే. ఒకటే ఉక్క,” అనేవాడు లక్ష్ముడు.

దాలమ్మ చెంగుతో మెడ తుడుచుకునేది. “తిన్నావా?”

“తిన్నాను. ఓడలో తిండికేటి లోటు?”

ఇంకో రోజు అన్నాడు, “గాలి తూరుపు తిరిగినాది. వాన పడీలాగుంది.”

దాలమ్మ ఫోను చెవికి ఆనించుకునే పెరట్లోకి వెళ్లి, ఎండేసిన చేపలు ఎత్తి లోపల పెట్టింది.

ఓసారి మాటల మధ్యలో, లక్ష్ముడి వెనక నుంచి ఓ ఆడగొంతు వినిపించింది. స్పష్టంగా, తీరుబడిగా ఏదో చెబుతోంది.

“ఎవులు మావా అది?”

లక్ష్ముడు తడబడ్డాడు. “కేప్టెను గదిలో రేడియో.”

దాలమ్మ దగ్గింది. ఆ గొంతు ఆగేదాకా దగ్గుతూనే ఉంది. తరవాత ఇక ఆ మాట ఎత్తలేదు.

ఇంకో నెలకి రాజీ కుదిరింది. అన్ని దేశాల నౌకలూ వంతులవారీగా కాపలా వెళ్లేట్టు కాయితాల మీద సంతకాలు పెట్టారు. ఓడలు వరసకట్టి కదలడం టీవీలో చూపించారు. మరిడమ్మ బెల్లం ముక్క తెచ్చి దాలమ్మ నోట్లో పెట్టింది.

“నీ మొగుడొచ్చీసినట్టేనే.”

ఆ సాయంత్రం ఫోనులో లక్ష్ముడి గొంతు నీరుగారిపోయి ఉంది.

“కంపెనీవోల్లు ఇంకో ఓడెక్కమంటన్నారే. ఏడాది పడతాదేమో.”

దాలమ్మ గడప మీద కూలబడింది.

“నానుండలేను మావా. నువ్వు లేకపోతే నాకు బాగోలేదు. ఏ ఓడా వద్దు, వచ్చీ.”

“ఏ మొకం పెట్టుకొని రాను? ఉత్త సేతుల్తోటా?”

అతను ఏడుస్తున్నాడని ఆమెకు తెలిసింది. గుమ్మంలోంచి బయటికి చూస్తూ అడిగింది, “గాలి ఏటి?”

“దచ్చినం. సల్లగున్నాది.”

దాలమ్మ గాలికి మొహం మీద పడుతున్న జుట్టు వెనక్కి తోసుకుంది.

తెల్లారి తల దువ్వుకుని కొత్త చీర కట్టింది. “మా మావని తెచ్చుకోడానికి ఎల్తన్నాను,” అంది మరిడమ్మతో.

“విశాపట్నం రేవుకా? ఎల్లు, ఎల్లు. ఓడ దిగినోడు ఇంటికో సెంటు సీసా తేవాల. మరిసిపోవద్దని సెప్పు,” అని నవ్వింది మరిడమ్మ.

ఆటో విజయనగరంలో దింపింది. దాలమ్మ తిన్నగా బజారుకెళ్లింది. ఎండు చేపలమ్మిన డబ్బులతో ఫారిన్ సామాన్ల కొట్లో సెంటు సీసాలు, చాక్లెట్ల డబ్బా, రంగుల దుప్పటి, చక్రాల పెట్టె కొంది.

“గల్ఫెళ్తున్నారా అమ్మా?” అన్నాడు కొట్టతను.

“కాదు బాబూ. వస్తన్నారు.”

కొట్టు అరుగు మీదే కూర్చుని, ఒక్కో వస్తువు మీదా ధర చీటీ గోటితో గీకేసి, అన్నీ పెట్టెలో సర్దింది. పెట్టె ఈడ్చుకుంటూ రైల్వే స్టేషనుకు నడిచింది.

లోపల మైకులో ఆడగొంతు మొదలైంది. స్పష్టంగా, తీరుబడిగా. దాలమ్మ ఆగి, చివరిదాకా విని, చిన్నగా నవ్వుకుంది. ఈసారి దగ్గలేదు.

వరసలో తన వంతు రాగానే టిక్కెట్ల కిటికీలో చెయ్యి పెట్టి, ఆ రోజు కేప్టెను గదిలో రేడియో చెప్పిన ఊరి పేరే చెప్పింది: “చీపురుపల్లికి ఒకటి బాబూ.”