కూత వినకుండా

పిట్టల ఫోటోలు తీసే అయ్యకు, యాడికి ఊరి నుంచి అమీర్ బీ, డెబ్బై ఏళ్లు, చెప్పి రాయించేది. ఇంట్లో ఉండేది నేనూ, కూలికని పోయి నెలైనా తిరిగిరాని నా కొడుకు పీరా.

పోయినేడు మీరు రెండు పిట్టల ఫోటోలు చూపి, "రెండూ ఒకటే జాతి గదా అవ్వా?" అన్నారు.

"కాదప్పా. రంగొకటే, కూత వేరే. కూత వినకుండా పేరు పెడతావా?" అన్నాను. మర్నాడు మీరే చేన్లోకి పోయి, విని ఒప్పుకున్నారు.

నిన్న ఠాణా జమాదారు ఒక ఫోటో తెచ్చాడు. రైలుకట్ట పక్కన దొరికిన శవానిది. "నీ కొడుకేనవ్వా, ఏలిముద్ర ఎయ్యి" అన్నాడు.

"పలకనోన్ని నా కొడుకని ఎట్ల చెప్పేది?" అని పంపించేశాను.

ఫోటో చూసి పేరు పెట్టకూడదని మీరు ఠాణాకు ఒక ముక్క రాయండి. ఆ ఫోటోలోని చొక్కా మీది అతుకు నేను కుట్టిందే. పీరా ఆ చొక్కా ఎవరికో ఇచ్చుంటాడు.

అమీర్ బీ వేలిముద్ర.
సాక్షులు: తిప్పన్న, గౌస్‌బీ.